నీళ్ళు దిగే మూల

మెడలో తువ్వాలు బిగించి లాక్కొచ్చిన మనిషిని ఊరి పెద్ద ముఖియా ఇంటి అరుగు ముందు కూలేసి, జగ్గారావు రెండో దెబ్బకి చెయ్యెత్తాడు.

"బస్!" అని అరిచాడు ముఖియా. "నా గుమ్మంలో ఒక దెబ్బ చాలు. రెండోది కొడితే నేరం నీదవుతుంది."

ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

పోయినవారం ఈ కథ చదవనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. టాటానగర్ దగ్గర, గమ్హరియా అవతల వాగు ఒడ్డున ఆరు తెలుగు కుటుంబాలు అక్కడి రైతులు మహతోల పొలాలు కౌలుకి చేసుకుంటున్నాయి. కాగితం లేదు, పత్రం లేదు. ఏడాదికొకసారి నోటిమాట, అంతే. ఆ ఆరు ఇళ్ళవాళ్ళనీ ఉక్కు బట్టీల దగ్గర కాంట్రాక్టు కూలి మాన్పించి పొలంలోకి దింపింది జగ్గారావే. "టాటా ఊరికి ఎంత ఉక్కు తెలుసో అంత ఆకలి తెల్దు. మనం పండించిందల్లా గోల్‌మురి బజారు మింగీగల్దు" అని ఊరించి దింపాడు. తను మాత్రం ఆదిత్యపూర్‌లో ఒక చిన్న ఇనప షెడ్డులో ఉదయం షిఫ్టు వదల్లేదు. ఆరు ఇళ్ళ విత్తనమూ ఒకే నారుమడిలో చల్లించిందీ అతనే. కాలవ నీరు నమ్మకంగా అందేది ఆ ఒక్క మడికే.

పదిహేడు రోజుల నారు. మంగళవారం ఎర్రబడింది. బుధవారం తెల్లారేసరికి ఎండుగడ్డిలా తెల్లబడి నేలకి వాలిపోయింది. ఆరుద్ర కార్తె వచ్చేసింది, గింజ విత్తనం లేదు, మళ్ళీ చల్లుకునే అదునూ లేదు. ఆ మడికి వచ్చే కాలవ లఖీందర్ మహతో పొలంలోంచి వస్తుంది. నీటి వంతు దగ్గర పదిహేను రోజుల కిందట అతనికీ జగ్గారావుకీ మాటా మాటా పెరిగింది. "నీ నారు ఎట్లా పచ్చగా ఉంటుందో చూస్తా" అని లఖీందర్ నలుగురిలో అన్నాడు.

ఇంకేం కావాలి? గురువారం పొద్దున జగ్గారావు షిఫ్టు ఎగ్గొట్టి, ఎద్దులకి నీళ్ళు పెడుతున్న లఖీందర్‌ని అక్కడే పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చాడు. ఆ ఎద్దులు మామూలు ఎద్దులు కావు. తెలుగువాళ్ళకి కాడి లేని మొదటి ఏడాది, వాళ్ళ పొలాలు దున్నినవి అవే. అరువిచ్చినవాడు లఖీందరే.

ముఖియా నులకమంచం మీద కూర్చున్నాడు. ఒకవైపు మహతోలు పాతికమంది, ఇంకోవైపు తెలుగువాళ్ళు పన్నెండుమంది. అరుగు మీద ముఖియా రాతగాడు కాగితం, కలం సిద్ధం చేసుకున్నాడు.

"మన పంచాయితీ కట్టుబాటు అందరికీ తెలుసు" అన్నాడు ముఖియా హిందీలో. "ఒకడి నారు చెరిపినవాడు తన నారు ఇచ్చుకోవాలి. నేరం రుజువైతే లఖీందర్ మడి తెలుగువాళ్ళది. రేపు పొద్దున మీ చేతులతో మీరే పీక్కుపోండి. ఈ ఏడు లఖీందర్ పొలం బీడు."

లఖీందర్ భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. తెలుగువాళ్ళలో దాలమ్మ గట్టిగానే అంది: "కుక్కుకో, కుక్కుకో. మా నోట్లో మట్టి కొట్టినప్పుడు తెల్లేదేటి?"

"అయితే" అని వేలెత్తాడు ముఖియా, "రుజువు కావాలి. విషం కాలవ వెంట వచ్చిందన్నావు కదూ? మడిలోకి నీళ్ళు దిగే మూల మొక్కలతో సహా ఒక మట్టిపెళ్ళ తవ్వి తెచ్చి నా ముందు పెట్టు. విషం ముందు ముట్టుకునేది ఆ మూలనే. మూడు గంటలకి రా."

లఖీందర్ పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. దాన్ని తుడుచుకోలేదు. జగ్గారావు వైపు చూసి తగ్గు గొంతుతో అన్నాడు: "చూసి రా జగ్గూ. నేనెక్కడికీ పోను."

తిట్టి ఉంటే బాగుండేది.

* * *

గునపం భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తుంటే జగ్గారావు ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది. లఖీందర్ పొలం దాటాడు, కాలవ దాటాడు, తూము దగ్గర దిగాడు. గునపం ఎత్తాడు.

ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

నీళ్ళు దిగే మూల పచ్చగా ఉంది.

కొద్దిగా కాదు. రెండు చాపలు పరిచినంత మేర నారు జానెడెత్తున నిగనిగలాడుతోంది. నీళ్ళలో కప్పపిల్లలు ఈదుతున్నాయి. ఒక దోసిలి నీళ్ళు తీసి వాసన చూశాడు. వాగు నీళ్ళ వాసన తప్ప ఏమీ లేదు. నాలిక మీద వేసుకున్నాడు. బురద చప్పదనం, అంతే.

జగ్గారావు చదివింది ఆరో తరగతే గాని బుర్ర తక్కువ మనిషి కాదు. నీటిలో విషమొస్తే మొదట చావాల్సిన మొక్కలు ఇవి. చావాల్సినవి బతికి, నీళ్ళు ఆఖరున చేరే మొక్కలు చచ్చాయి. గట్టు మీద ఒక్కో అడుగే వేస్తూ మడి చుట్టూ తిరిగాడు. ఇంతవరకూ మడి మొత్తం కాలిందనే చూశాడు గాని ఎలా కాలిందో చూడలేదు. గట్టు పక్కన బాగా కాలింది. లోపలికి పోయేకొద్దీ మచ్చలు మచ్చలుగా కాలింది. ఒక్కో మచ్చా విసనకర్ర ఆకారంలో ఉంది. గట్టున నిలబడి చెంబుతో విసిరి చల్లితే నీళ్ళు ఎలా పడతాయో అచ్చం అలాగ.

ఇది కాలవలో వచ్చింది కాదు. ఎవరో గట్టు మీద నడుస్తూ చేత్తో చల్లింది.

అయితే లఖీందర్ లోపలికి వచ్చి చల్లాడన్నమాట! ఆ ఆలోచన వచ్చేసరికి జగ్గారావుకి ప్రాణం లేచొచ్చింది. మనిషి కోపానికి అలవాటు పడితే అది నిజమవ్వాలనే కోరుకుంటాడు.

"ఏటి జగ్గా, పెళ్ళ తవ్వకుండా బొమ్మలా నిలబడిపోనావు?"

దాలమ్మ. వెనకాలే వచ్చినట్టుంది. రొప్పుతూ గట్టు మీద కూలబడింది.

"అత్తా, ఈ మూడు నాలుగు రోజుల్లో మడి కాడికి ఎవలొచ్చినారు? లఖీందర్ గాని, ఆడి పెళ్ళాం గాని?"

"ఆలెందుకొత్తారు? సోమారం నుంచీ నాను ఇక్కడే కలుపు తీత్తన్నాను. మీ యమ్మొక్కర్తే వొచ్చినాది."

"మాయమ్మా?"

"మరి? ఏపనీళ్ళు సల్లొద్దేటి? మనూళ్ళో ఆకుమడికి పురుగు దిగకుండా పెద్ద ముత్తైదు కాకపోతే పెద్ద ముసిల్ది సల్లాలి కదా. ఆరిళ్ళలో మీ యమ్మ కంటె పెద్దోలు ఎవలున్నారు?" దాలమ్మ నవ్వింది. "సోమారం సందేళ చెంబట్టుకుని గట్లంట తిరిగి సల్లీసినాది. ఆ నీళ్ళ మూల దగ్గిర కాలు జారతాదని నానే ఒద్దన్నాను. 'అక్కడొగ్గీయే వొదినా, నడుం ఇరిగితే పురుగు కంటె నువ్వే ముందు పోతావు' అన్నాను. నవ్వింది పాపం."

జగ్గారావు చేతిలో గునపం బరువెక్కింది.

నీళ్ళు దిగే మూల ఒక్కటే పచ్చగా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. అక్కడ అమ్మ చల్లలేదు.

* * *

భద్రమ్మ ఇంటి వెనక చూరు కింద కూర్చుని కుడిచేతి వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది. కొడుకుని చూడగానే చెయ్యి కొంగులో దాచింది.

"చెయ్యేటయ్యిందే?"

"ఏటవ్వలేదు. సున్నం తగిలింది."

"చూపించు."

"నీకెందుకురా? పంచాయితీ ఏటన్నాది? ఆ మాతో గాడు లఖీందరు ఒప్పుకున్నాడా?"

జగ్గారావు ముందుకు వంగి కొంగు తీశాడు. నాలుగు వేళ్ళ కొసలూ తోలు వలిచినట్టు తెల్లగా ఊడి వచ్చాయి. అలాంటి చేతులు అతను రోజూ చూస్తాడు. షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటివారం చేతులు అలాగే ఉంటాయి.

"అమ్మా, ఏపనీళ్ళు దేన్లో నానేసినావు?"

"ఎప్పుడూ నానేసే బాన పగిలిపోనాది కదరా. అందుకని నువ్వు తెచ్చిన పచ్చడి డ్రమ్ములో ఏసినాను."

చూరు చివర నీలం ప్లాస్టిక్ డ్రమ్ము నిలబడి ఉంది. ఆదివారం షెడ్డు నుంచి సైకిలు వెనక కట్టుకుని తెచ్చింది అదే. ఇనప కడ్డీలకి తుప్పు వదలడానికి యాసిడ్‌లో ముంచి తీస్తారు. షెడ్డులో ఆ పనికి పిక్లింగ్ అని పేరు. వాడి పారేసిన యాసిడ్ డ్రమ్ములు గేటు పక్కన పడేస్తారు. ఫోర్‌మన్ ఒకటి ఇస్తూ "సున్నపునీళ్ళతో మూడుసార్లు కడిగితే తప్ప ముట్టుకోవద్దు" అని చెప్పాడు. జగ్గారావు విన్నాడు. అప్పుడు బాగానే విన్నాడు.

"అది పచ్చడి డ్రమ్మని నీకెవలు సెప్పినారు?" అని అడిగాడు. ఎవరు చెప్పారో తెలిసే అడిగాడు.

"నువ్వే కదరా! 'పికిలింగు డ్రమ్మమ్మా' అన్నావు. గోల్‌మురి బజార్లో సీసాల మీద రాసుంటాది, పికిలంటే పచ్చడని దాలమ్మ కూతురు సదివి సెప్పింది. 'పచ్చడి పెట్టే డ్రమ్మేట్రా?' అని నానడిగినాను కూడాను. నువ్వేమో నవ్వుకుంటా సైకిలెక్కీసినావు."

అవును. నవ్వుకుంటూ సైకిలెక్కేశాడు. ఆ నవ్వుతో ఆగలేదు. సోమవారం టీ వేళ షెడ్డులో పదిమందినీ పోగేసి చెప్పాడు: "మా అమ్మ అది ఆవకాయ డ్రమ్మనుకుంటోంది, అచార్ కా డ్రమ్!" బీహారీలు, ఒడియా వాళ్ళు, బెంగాలీ ఫిట్టరు కడుపులు పట్టుకుని నవ్వారు. ఫోర్‌మన్ ఒక్కడే నవ్వకుండా "కడిగావా?" అని అడిగాడు. "కడుగుతాం లెండి సాబ్" అన్నాడు తను. సాయంత్రం ఇంటికి వెళ్ళి అమ్మకి ఒక్కమాట చెబితే చాలు. కాని చెబితే ఆ జోకు అక్కడితో అయిపోతుంది. ఇంకో రెండు రోజులు చెప్పుకోవచ్చనిపించింది.

"అడుగున నీళ్ళుండలేదా?" అని అడిగాడు.

"జానెడున్నాయి. పచ్చగా, మావిడికాయ ఊట లాగ. ఒలకబొయ్యడానికి మనసు రాలేదురా. వాసన కూడా పుల్లగా ముక్కులోకి ఘాటెక్కింది. పచ్చడి డ్రమ్ము పుల్లగా ఉండదేటి అనుకున్నాను. ఊట ఉప్పు పురుక్కి మంచిదే కదా! అందులోనే ఏపాకు దంచి పోసి, పేడ కలిపి, బూడిదేసినాను." భద్రమ్మ మొహం మీద చిన్న గర్వం మెరిసింది. "బూడిదెయ్యగానే బుసబుసా పొంగిందిరా! బానలో అయితే పులియడానికి వారం పట్టును. ఇది ఒక్క గడియలో పులిసిపోనాది. డ్రమ్ము మంచిదని ఎంత సంబరపడ్డానో!"

జగ్గారావు డ్రమ్ము పక్కన చతికిలబడ్డాడు. తల ఎత్తలేకపోయాడు. ముప్పైరెండేళ్ళ మనిషి తల్లి చీర అంచు వైపు చూస్తూ చెప్పాడు: ఏది పచ్చడి కాదో, ఏది యాసిడో, ఆ పొంగు ఏమిటో, ఆ వేళ్ళు ఎందుకు ఊడాయో. తను ఎక్కడెక్కడ నవ్వాడో మాత్రం చెప్పలేదు. అదొక్కటీ నోటికి రాలేదు.

భద్రమ్మ కాలిన చేతిని పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది, ఎవరి చెయ్యో అన్నట్టు.

"ఈ సేత్తోనే ఆరిళ్ళ కూడూ కాల్సీసినానా?" అంది.

"అమ్మా..."

"ఆ మాతోని కొట్టినావు కాదేటి?"

"కొట్టాను."

"మనకి ఎద్దులిచ్చినోడ్ని." ఆమె లేచింది. మోకాళ్ళు పటపటమన్నాయి. "పద. నాను సెప్తాను. ముసిల్దాన్ని, కళ్ళు కనపళ్ళేదు, తెలక సేసినానని సెప్తాను. నన్నేటి సేత్తారు? మాసిన గుడ్డపేలిక ఖరీదు కూడా కట్టలేరు నాకు."

జగ్గారావు గుండెల మీద నుంచి ఒక బండ తొలగినట్టయింది. ముసలామె పొరపాటు. ఎవరు కాదంటారు? ముఖియా కూడా జాలిపడతాడు. ఒక్క క్షణం, సరిగ్గా ఒక్క క్షణం, అతని ఒళ్ళంతా తేలికైంది. ఆ తేలికదనం ఎక్కడిదో అర్థమైన మరుక్షణం తన మీద తనకే ఉమ్మెయ్యాలనిపించింది.

* * *

దారిలో అప్పన్న ఎదురొచ్చాడు. టాటానగర్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరైన మనిషి. ఆరు ఇళ్ళకీ పెద్దమనిషి. జగ్గారావు చెప్పింది మొత్తం విని, చుట్ట నేలకేసి నలిపాడు.

"ఎవలికైనా సెప్పినావా?"

"లేదు మావా."

"అయితే సెప్పకు. నోరు కట్టీసుకో." అప్పన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏదో మట్టిపెళ్ళ కాలిందొకటి పట్రా. మూలదే అను. సాయంత్రానికి ఆడి ఆకుమడి మనదవుద్ది, రేపు తీసీసుకుని ఎల్లుండి ఉబాలు, నాట్లు మొదలెట్టీద్దుం. ఆడికి ఒక పంట పోతాది, అంతే కదా. మనం ఒప్పుకున్నామనుకో, ఈ మాతోలు ఊరుకుంటారేట్రా? నిజం తెలక్కుండా మావాణ్ణి కొట్టినారు, ఖాళీ చెయ్యండి అంటారు. నోటిమాట కౌలు. ఆరు కొంపలు, పాతికమంది పిల్లలు. మళ్ళీ ఆ బట్టీల ముందు కాలడవేనా?"

"ఆలకీ పిల్లలున్నారు మావా."

"ఉన్నారు. కాని నా పిల్లలు కారు." అప్పన్న మొహం తిప్పుకున్నాడు. అన్న మాటకి తనే సిగ్గుపడ్డాడని మెడ చూస్తేనే తెలుస్తోంది. "నీ నోట్లోంచి ఏ పేరొత్తాదో, ఆరు కొంపలూ దాని మీదే ఉన్నాయి. ఆలోచించుకో."

భద్రమ్మ ఇద్దర్నీ దాటుకుని ముందుకు నడిచిపోయింది.

* * *

మూడయింది. ముఖియా గుమ్మం ముందు జనం రెట్టింపయ్యారు. లఖీందర్ పొద్దున కూలేసిన చోటే కూర్చుని ఉన్నాడు. ఎవరో నీళ్ళిచ్చినట్టున్నారు, పెదవి మీద నెత్తురు లేదు. వాపు మాత్రం ఉంది. జగ్గారావు నాలుగు వేళ్ళూ అచ్చుగుద్దినట్టు చెంప మీద కనిపిస్తున్నాయి.

జగ్గారావు మట్టిపెళ్ళ ముఖియా ముందు పెట్టాడు. పెళ్ళ మీద నారు పచ్చగా, నిటారుగా నిలబడి ఉంది.

ఒక్కసారిగా గుసగుసలు మొదలయ్యాయి. మహతోలలో ఒకడు "దేఖో, దేఖో!" అని అరిచాడు. అప్పన్న కళ్ళు మూసుకున్నాడు. దాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ముఖియా ఒక మొక్క పీకి వేరు దాకా చూశాడు. "ఇది నీళ్ళు దిగే మూలదేనా?"

"అవును."

"అంటే విషం కాలవలో రాలేదు."

"రాలేదు."

"మరి ఎలా వచ్చింది?"

జనంలోంచి భద్రమ్మ ముందుకు తోసుకు వచ్చింది. ఆమెకి హిందీ రాదు. కాలిన చెయ్యి ఎత్తి పట్టుకుని తెలుగులోనే మొదలుపెట్టింది: "బాబూ, తప్పు నాదయ్యా. నానే..."

"ఏమంటోంది?" అని ముఖియా జగ్గారావుని అడిగాడు. ఆ గుంపులో రెండు భాషలూ ధారాళంగా వచ్చినవాడు అతనొక్కడే. తల్లి మాట అతను ఎలా మారిస్తే అలాగే చేరుతుంది. ఆమె చెప్పినది చెప్పినట్టు హిందీలో పెడితే చాలు, అబద్ధం ఆడినట్టు కూడా కాదు.

భద్రమ్మ కొడుకు మొహంలోకి చూసింది. 'చెప్పరా' అన్నట్టు గడ్డం కదిపింది. అదే గడ్డం ఆదివారం నాడు, డ్రమ్ము పట్టుకుని, "పచ్చడి పెట్టే డ్రమ్మేట్రా?" అని ఆశగా ఎత్తి అడిగింది.

"బోలో భాయ్" అన్నాడు రాతగాడు విసుగ్గా. కలం కాగితానికి ఆనించాడు. "సాయంత్రం దాకా కూర్చోబెడతావా? నారు చెరిపినవాడి పేరు చెప్పు, రాసుకుంటాను."

జగ్గారావు లఖీందర్ ముందుకి వెళ్ళాడు. తన మెడలో ఉన్న తువ్వాలు తీసి అతని కాళ్ళ దగ్గర పెట్టాడు. తర్వాత అటు మహతోలకి, ఇటు తెలుగువాళ్ళకి, అందరికీ వినిపించేలా, ముందు హిందీలో, వెంటనే తెలుగులో చెప్పాడు.

"రాసుకో. యాసిడ్ డ్రమ్ము ఇంటికి తెచ్చింది, అందులో ఏముందో తెలిసి చెప్పనిది, చెప్పకుండా నవ్వుకున్నది ఒక్కడే. మా అమ్మ కాదు, లఖీందర్ కాదు. పేరు జగ్గారావు."